కంప్యూటరు పత్రములలో దిద్దుబాటు

పాఠశాలలో చేరిన ప్రతి బాలుని, ప్రతి బాలిక పేరును మొట్టమొదట ఎక్కించు పుస్తకమునకు అడ్మిషన్ రిజిష్టరు అని పేరు. అందు విద్యార్థి పేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టిన తేది, పుట్టిన ఊరు, మాతృభాష, అంతకుముందు చదివిన పాఠశాల మున్నగు వానికి నిలువు గడులు గీయబడి యుండును. ఏ గడియైనను ఖాళీగా నున్నచో ఆ తెల్లని చోటే కంటికి తగిలి, ఇచ్చట వ్రాయవలసినది వ్రాయలేదని చెప్పును. పొరపాటు వ్రాసినచో దానిని రబ్బరుతో తుడిచివేయరు. ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీసి, ప్రక్కను సరియైన మాట వ్రాసి, ప్రధానోపాధ్యాయుడు చేవ్రాలు చేసి తేది వేయును. పాత మాట ఆ గీత క్రింద చదువుటకు వీలుగానే నిలిచియుండును.

జనన మరణముల రిజిష్టరునకును ఇదియే మర్యాద. 1969వ సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టములోని 15వ సెక్షను ప్రకారము, తప్పును సవరించు అధికారి మొదటి వ్రాతను ముట్టుకొనరాదు. అంచున సవరణ వ్రాసి, సంతకము చేసి, సవరించిన తేదిని వేయవలెను. మన పెద్దలు దిద్దుబాటును ఎంత జాగ్రత్తతో చూచిరో ఈ నియమమే తెలుపుచున్నది.

ఇప్పుడు ఇట్టి రిజిష్టరులు అనేకము కంప్యూటరులోనికి పోయినవి. అచ్చట ఎఱ్ఱసిరా లేదు, అంచు లేదు. మఱి దిద్దుబాటు ఎట్లు జరుగును? ఇది కంప్యూటరు పనివారి గొడవ, మనకేల యని తలిదండ్రులు కొందఱు అనుకొందురు. కాని మన బిడ్డ పేరులో ఒక అక్షరమును సరిచేయుచుండగా, ఆ బిడ్డ మాతృభాష తెలుగు అను మాట చప్పుడు లేకుండ జారిపోవుటకు వీలున్నదన్నచో, అది మన గొడవయే యగును. అది ఎట్లు జారిపోవునో వివరించుటకే ఈ వ్యాసము.

కంప్యూటరులో సమాచారమును పదిలపఱచు ఏర్పాటునకు డేటాబేసు అని పేరు. అందు ముఖ్యముగా రెండు తెగలు గలవు. మొదటిది పట్టికల తెగ. 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు దీనికి సిద్ధాంతము చెప్పెను. ఇది మన అడ్మిషన్ రిజిష్టరువంటిదే: గడులు ముందే గీయబడి యుండును, ప్రతి వరుసకును అవే గడులు. మన రైతులు ఎఱిగిన పహణీ కూడ స్వభావముచేత పట్టికకు తగినట్టిదే. సర్వే నంబరు, విస్తీర్ణము, ఖాతాదారు, పంట - ఏ ఊరి పహణీ చూచినను ఇవే గడులు.

రెండవది పత్రముల తెగ. దీనిని డాక్యుమెంటు డేటాబేసు అందురు. కౌచ్ డి.బి. అనుదానిని 2005లో డేమియన్ కాట్జ్ ప్రారంభించెను. మాంగో డి.బి. అనునది 2009లో వెలువడెను. వీనిలో గడులు గీసిన పెద్ద పుస్తకము ఉండదు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క విడి కాగితము వ్రాసి, అన్నిటిని ఒక కట్టగా కట్టి బీరువాలో పెట్టినట్లు భావింపుడు. ఏ కాగితములో ఏ అంశములు వ్రాయవలెనో ఆ కాగితము ఇష్టము. కుప్పమునుండి బదిలీపత్రముతో వచ్చిన బాలుని కాగితములో పాత రాష్ట్రము, పాత పాఠశాల ఉండును. ఇచ్చటనే ఒకటవ తరగతినుండి చదివిన బాలిక కాగితములో అవి ఉండవు. ఈ స్వేచ్ఛయే దాని సౌకర్యము. చిక్కును ఇందులోనే యున్నది.

ఒక పత్రమును చూడుడు. ఇందలి బాలిక కేవలము ఉదాహరణకు కల్పించినది.

క్రమాంకము: 214
పేరు: వెంకటలక్ష్మమ్మ
తరగతి: 8
మాతృభాష: తెలుగు
తల్లి పేరు: రత్నమ్మ
జననము: ఊరు - ముళబాగిలు, జిల్లా - కోలారు
నివాసము: పేట - ఆండర్సన్‌పేట, తాలూకా - కె.జి.ఎఫ్.; జిల్లా - కోలారు
చదివిన పాఠశాలలు: మొదటిది, రెండవది

ఎడమప్రక్క నున్నది అంశము పేరు, కుడిప్రక్క నున్నది దాని విలువ. జననము, నివాసము అను వాని లోపల మఱల చిన్న చిన్న అంశములు గలవు. చివరిది ఒక జాబితా.

ఈ బాలిక పేరు వెంకటలక్ష్మి. చేర్చుకొన్ననాడు ఎవరో అలవాటు కొలది వెంకటలక్ష్మమ్మ అని వ్రాసిరి. దీనిని సరిచేయవలెను. మాంగో డి.బి.కి రెండు సంగతులు చెప్పవలసి యుండును. ఏ పత్రమును మార్చవలెను? దానిలో ఏమి మార్చవలెను? మొదటి ప్రశ్నకు జవాబు: క్రమాంకము 214 గల పత్రము. రెండవదానికి ‘సెట్’ అను ఆజ్ఞ కలదు: పేరు అను అంశమును వెంకటలక్ష్మి అని సెట్ చేయుము. అప్పుడు ఆ ఒక్క అంశము మాఱును, తక్కినవి తాకబడవు. ఇది సరియైన పద్ధతి.

ఇక రెండవ పద్ధతి యున్నది: పాత పత్రమును తీసివేసి ఆ చోట క్రొత్త పత్రమును పెట్టుట. ‘రీప్లేస్’ అనగా ఇదియే. కార్యాలయములో తెరమీద కనబడు సవరణ ఫారములో పేరు, తరగతి, తల్లి పేరు అను మూడే అంశములు ఉన్నవనుకొందము. గుమాస్తా పేరు దిద్ది, భద్రపఱచు మీట నొక్కెను. ఆ కార్యక్రమమును వ్రాసినవాడు ‘సెట్’ అనుటకు మాఱుగా ‘రీప్లేస్’ అని యున్నచో, ఆ మూడు అంశములతోను, కంప్యూటరు తాను పెట్టుకొన్న గుర్తుతోను క్రొత్త పత్రము బీరువాలో కూర్చుండును. మాతృభాష లేదు. జననము లేదు. నివాసము లేదు. ఫారము మఱల తెఱచి చూచినచో పేరు చక్కగా దిద్దబడి యుండును. ఆ మూడంశములే అచ్చట కనబడును గనుక గుమాస్తాకు సంతోషమే. మాంగో డి.బి. పూర్వపు ఆజ్ఞలలో ‘సెట్’ అను మాట మఱచినచో మొత్తము పత్రమే మాఱిపోవు ప్రమాదముండెను. తర్వాత వచ్చిన ఆజ్ఞలలో సవరణను, మార్పిడిని వేఱువేఱు పేర్లతో విడదీసిరి. ఇది మంచి పని.

కాగితపు రిజిష్టరులో మాతృభాష గడి ఖాళీయైనచో కనబడునని మొదట చెప్పితిని. పత్రముల కట్టలో అట్లు కాదు. పోయిన అంశము వెనుక ఖాళీ గడి మిగులదు, గడియే మిగులదు. ఆ పత్రమును మాత్రమే చూచువారికి, అందు ఒకప్పుడు మాతృభాష అను మాట ఉండెనని తెలిసికొనుటకు ఆధారమే లేదు.

ఇందువలన మనకు నష్టమేమి? అల్పసంఖ్యాక భాషల విద్యకు లెక్క ప్రాణము. 1949వ సంవత్సరము ఆగస్టులో జరిగిన రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము, ప్రాథమిక దశలో ఒక పాఠశాలలో 40 మందికి గాని ఒక తరగతిలో 10 మందికి గాని తక్కువ కాకుండ ఆ భాషవారు ఉన్నయెడల, వారి మాతృభాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించెను. 1956లో ఏడవ సవరణము ద్వారా రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధి యనెను. సరిగా పదిమంది తెలుగు పిల్లలున్న ఒక తరగతిని ఊహింపుడు. మాతృభాష తెలుగుగా నున్న పత్రములను లెక్కింపుమని కంప్యూటరు నడిగిన, అది పది యని చెప్పును. ఒక బాలిక పేరు దిద్దుటలో ఆ అంశము పోయినచో తొమ్మిది యని చెప్పును. అది అబద్ధమాడుటలేదు, అడిగినదానికి తన యొద్ద నున్నంతవఱకు జవాబు చెప్పుచున్నది. బాలిక బల్లమీదనే కూర్చుండి తెలుగు వాచకము చదువుచుండును, లెక్కలో మాత్రము ఉండదు. పెద్ద భాషవారి లెక్కలో ఒకటి తగ్గిన ఎవరికిని పట్టదు. అంచున నిలిచిన మనకు ఒకటి తగ్గుట వేఱు సంగతి.

దీనికి రెండు విరుగుడులు కలవు. ఒకటి: ఈ అంశము లేని పత్రములేవి యని తిరుగవేసి అడుగుట. ‘ఎగ్జిస్ట్స్’ అను మాటతో, మాతృభాష అను అంశమే లేని పత్రములను ఏఱి తీయవచ్చును. నెలకొకసారి యైనను ఇట్లు అడుగు అలవాటు ఉండదగినది. రెండవది ఇంకను మేలు. పత్రములకు స్వేచ్ఛ యున్నను, కొన్ని అంశములు తప్పక ఉండవలెనని కట్టకు కాపలా పెట్టవచ్చును. మాంగో డి.బి. 3.6 సంచికలో, అనగా 2017లో, జేసన్ స్కీమా అను నియమావళి వచ్చెను. మాతృభాష లేని పత్రమును కట్టలో చేర్చుకొనవద్దని అందు వ్రాసి యుంచినచో, పైన చెప్పిన మార్పిడిని కంప్యూటరే త్రోసిపుచ్చును. గీసిన గడుల పుస్తకములోని మంచిగుణమును కొంత తిరిగి తెచ్చుకొనుటయే ఇది. పత్రముల తెగను మెచ్చుకొనువారు స్వేచ్ఛను గూర్చియే ఎక్కువ చెప్పుదురు గాని, నా యభిప్రాయములో ఈ కాపలాయే వారు మొదట నేర్పవలసిన పాఠము.

లోపలి అంశములను మార్చుటలోను ఇట్టి చిక్కే కలదు. మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినను, షాఫ్టు, కేజి, లెవెలు అను మాటలు ఇండ్లలో తాతల నోట ఇంకను వినబడుచునే యున్నవి. చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటరులకు మించినది. అందు పనికి పోవువాడు ఏ షాఫ్టులో దిగి ఏ లెవెలులో ఆగవలెనో తెలిసి పోవలెను గదా. అట్లే బాలిక ఆండర్సన్‌పేటనుండి రాబర్ట్‌సన్‌పేటకు కాపురము మాఱినచో, ‘నివాసము’ అను షాఫ్టులో దిగి ‘పేట’ అను లెవెలులో ఆగవలెను. కంప్యూటరునకు దీనిని నివాసము, చుక్క, పేట అని నడుమ ఒక చుక్క పెట్టి చెప్పుదురు. ఆ చుక్కను విడిచి, నివాసము అను అంశమునకే ‘పేట - రాబర్ట్‌సన్‌పేట’ అని విలువ పెట్టినచో, లోపలి తాలూకా, జిల్లా రెండును పోవును. ఇచ్చట ‘సెట్’ అను సరియైన ఆజ్ఞయే వాడిరి. అయినను నష్టము తప్పలేదు.

జాబితాలకు వేఱు ఆజ్ఞలు గలవు. ‘పుష్’ అన్నచో జాబితా చివర ఒక విలువ చేరును. అదే మాట రెండుసార్లు చెప్పిన రెండుసార్లు చేరును. ఒకమాఱు ఉన్నదానిని మఱల చేర్పకుండుటకు ‘యాడ్ టు సెట్’ అనునది కలదు. సంఖ్యను పెంచుటకు ‘ఇంక్’, అంశమును తీసివేయుటకు ‘అన్‌సెట్’. ఇవి వాడుకలో నేర్చుకొనదగినవే.

ఏ పత్రమును మార్చవలెనను మొదటి ప్రశ్నలో ఇంకను ఎక్కువ ప్రమాదము దాగియున్నది. క్రమాంకము 214 అని చెప్పుటకు బదులు పేరు వెంకటలక్ష్మమ్మ అని చెప్పితిమనుకొందము. మన సీమలో ఆ పేరు ఒక్కరికే ఉండునా? ఒక్కదానినే మార్చుమన్నచో కంప్యూటరు తనకు ముందు దొరికిన దానిని మార్చి ఊరకుండును. అది మన బాలికదియే యని పూచీ లేదు. అన్నిటిని మార్చుమన్నచో ఆ పేరుగల వారందఱి పేర్లును మాఱును. ఏ గుర్తును చెప్పక అన్నిటిని మార్చుమన్నచో కట్టలోని పత్రములన్నియు మాఱును. ఇంకొక సూక్ష్మము: 214 అను సంఖ్య వేఱు, అక్షరములుగా వ్రాసిన ‘214’ వేఱు. పత్రములో ఒక విధముగా నుండి మనము ఇంకొక విధముగా అడిగినచో ఏదియు దొరకదు. కంప్యూటరు కోపింపదు, సరిపోయినవి 0, మాఱినవి 0 అని మాత్రము చెప్పును. ప్రతి దిద్దుబాటు తర్వాతను అది చెప్పు ఈ రెండు సంఖ్యలను చదువవలెను. ఒకరి పేరు దిద్దునపుడు రెండును 1 అని రావలెను.

అనేక పత్రములను ఒక్కసారి మార్చవలసిన సందర్భము మన జిల్లాకే వచ్చినది. 2007లో కోలారు జిల్లానుండి చిక్కబళ్ళాపురము, గౌరిబిదనూరు, గుడిబండ, బాగేపల్లి, శిడ్లఘట్ట, చింతామణి తాలూకాలను వేఱుచేసి చిక్కబళ్ళాపుర జిల్లాను ఏర్పఱచిరి. అప్పుడు ఒక పత్రముల కట్ట ఉండినచో ఎట్లు మార్చవలసి యుండెడిది? నివాసపు జిల్లా కోలారు కావలెను. నివాసపు తాలూకా ఈ ఆఱింటిలో ఒకటి కావలెను. రెండును కుదిరిన పత్రములందే జిల్లా పేరు మార్చవలెను. రెండవ షరతు మఱచినచో బంగారుపేట, మాలూరు, శ్రీనివాసపురము వారందఱును ఒక్క క్షణములో పొరుగు జిల్లావారై పోవుదురు. అందుచేత అనుభవము గలవారు మార్చుటకు ముందు అదే షరతుతో ‘ఎన్ని పత్రములున్నవి?’ అని అడిగి, ఆ సంఖ్య నమ్మదగినదిగా నున్నప్పుడే ఆజ్ఞ నిత్తురు.

నివాసము మాఱవలసినదే. మఱి జననము? 1985లో చింతామణిలో పుట్టిన తల్లి కోలారు జిల్లాలో పుట్టినదా, చిక్కబళ్ళాపుర జిల్లాలో పుట్టినదా? ఆమె పుట్టిననాడు అది కోలారు జిల్లాయే. జననము జరిగిపోయిన సంగతి. దానిని నేటి పటమును చూచి దిద్దరాదని నా తలంపు. నేను శిక్షణ పొందినది తిరుపతిలో. నా శిక్షణపత్రమున చిత్తూరు జిల్లా యని యున్నది. 2022లో తిరుపతి ప్రత్యేక జిల్లా యయ్యెను; అందువలన నా పత్రము తప్పయిపోలేదు. బంగారుపేటను పూర్వము బౌరింగుపేట యనిరి. పాత కాగితములలో ఆ పేరే యుండును. 1973 నవంబరు 1కి పూర్వపు పత్రములలో మన రాష్ట్రము మైసూరు. ఇవి తప్పులు కావు, కాలము వేసిన ముద్రలు. కావలసినచో నేటి పేరును వేఱొక అంశముగా ప్రక్కన చేర్చవచ్చును. డాక్యుమెంటు డేటాబేసులో అంశము చేర్చుట సులభము గదా.

మన పిల్లల పేర్లకు ప్రత్యేకమైన ఇంకొక చిక్కు కలదు. ఒకే పేరును ఇంట తెలుగున ఒక విధముగా, కార్యాలయమున కన్నడమున ఒక విధముగా, బ్యాంకున ఇంగ్లీషున ఒక విధముగా వ్రాయుదురు. పొరుగున తమిళులున్న పేటలలో పలుకుబడియే మాఱును. ‘అప్‌సర్ట్’ అను ఆజ్ఞ యొకటి కలదు: చెప్పిన గుర్తుగల పత్రము దొరికినచో మార్చుము, దొరకనిచో క్రొత్తది పుట్టింపుము అని దాని యర్థము. వెంకటలక్ష్మి యని యున్న కట్టలో వేంకటలక్ష్మి యని దీర్ఘముతో వెదకినచో దొరకదు. వెంటనే రెండవ పత్రము పుట్టును. ఒక బాలికకు రెండు పత్రములు! హాజరు ఒకదానిలో, మార్కులు ఇంకొకదానిలో. గుర్తుగా పేరును వాడరాదు, మాఱని సంఖ్యనే వాడవలెననుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

ఇద్దఱు గుమాస్తాలు ఒకే పత్రమును ఒకే వేళ తెఱచినచో నేమగును? ఒకరు పేరు దిద్దుచున్నారు, ఒకరు నివాసము దిద్దుచున్నారు. ఇద్దఱును తెఱచిన పత్రమును మొత్తముగా తిరిగి వ్రాసినచో, తర్వాత వ్రాసినవారి ప్రతి నిలుచును. మొదటివారి దిద్దుబాటు మాయమగును. కౌచ్ డి.బి. దీనికి చక్కని ఉపాయము చేసినది. ప్రతి పత్రమునకును కూర్పు సంఖ్య యుండును. దిద్దినప్పుడెల్ల అది మాఱును. దిద్దువారు తాము చూచిన కూర్పు సంఖ్యను కూడ చూపవలెను. ఈలోగా వేఱొకరు దిద్ది యున్నచో ఆ సంఖ్య పాతబడి యుండును గనుక, కంప్యూటరు అంగీకరింపక, 409 అను సంఖ్యతో సంఘర్షణ యని తెలుపును. అప్పుడు క్రొత్త ప్రతిని తెచ్చుకొని మఱల దిద్దవలెను. మాంగో డి.బి.లో ఒక్క పత్రము మీది సవరణ పూర్తిగానైనను జరుగును, లేదా జరుగదు, సగములో ఆగదు. ఒకరు పేరును, ఒకరు పేటను ‘సెట్’తో మార్చినచో రెండును నిలుచును. కాని ఇద్దఱును ఒకే అంశమును మార్చినచో, చివరివారి మాటయే నిలుచును. కూర్పు సంఖ్యవంటి దానిని మనమే పత్రములో పెట్టుకొని సరిచూచుకొనవలెను.

కడపటిది ఎఱ్ఱసిరా సంగతి. ‘సెట్’ చేసినచో పాత విలువ పోవును. వెంకటలక్ష్మమ్మ యని ఒకప్పుడుండెనని ఆ పత్రము చెప్పదు. రేపు ఆ బాలిక పాత బదిలీపత్రమును చూపినచో, ఈ రెండు పేర్లు ఒకరివేయని నిరూపించుట కష్టము. ఇందుకు మార్గము, పత్రములోనే ‘సవరణలు’ అను జాబితా నుంచి, పేరును సెట్ చేయు ఆజ్ఞతోనే పాత పేరు, తేది, ఎవరు దిద్దిరి, ఏ కాగితము చూచి దిద్దిరి అనువానిని ఆ జాబితాలోనికి పుష్ చేయుట. రెండును ఒకే ఆజ్ఞలో నుండుటచేత, పేరు మాఱి జాబితా మాఱకుండుట జరుగదు. 1969 చట్టము అంచున వ్రాయుమన్నది ఇదియే గదా!

తలిదండ్రులకు ఒక మాట. బిడ్డ పేరు గాని పుట్టిన తేది గాని దిద్దించుటకు పోవునపుడు జనన ధ్రువపత్రమును వెంట తీసికొని పొండు; దిద్దిన పిమ్మట అచ్చుప్రతి నడుగుడు. దిద్దిన పేరును మాత్రము చూచి సంతోషించి తిరిగి రాక, మాతృభాష, తల్లి పేరు, పుట్టిన తేది, నివాసము అను మాటలు మునుపటివలెనే యున్నవా యని వ్రేలు పెట్టి చదువుకొనుడు. చదువురాని తల్లియైనచో, ఎనిమిదవ తరగతి చదువు కూతురే ప్రక్కన నిలిచి చదివి వినిపింపవచ్చును. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపు తొందర వచ్చుటకు ముందే, ఈ సంవత్సరమే ఈ పని చేసికొనుట మంచిది.